వైజాగ్ నుంచి కాంగేర్ వ్యాలీ నేషనల్ పార్క్‌కి ఎలా వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి, గేట్ దగ్గర ఏం చెయ్యాలి

మన వైజాగ్ వాళ్లకి కొండలు, అడవి అనగానే అరకు, లంబసింగి, మహా అయితే మారేడుమిల్లి. అరకు రైలెక్కి అరకులో దిగిపోతాం, ఆ రైలు అక్కడితో ఆగదని, ఒడిశా కొండలు దాటుకుని ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లోకి వెళ్తుందని చాలామంది పట్టించుకోరు. అదే రైల్లో దిగకుండా కూర్చుంటే సాయంత్రానికి జగదల్‌పూర్, అక్కడినుంచి ఒక గంట లోపు ప్రయాణం చేస్తే కాంగేర్ వ్యాలీ నేషనల్ పార్క్. 1982లో నేషనల్ పార్క్ అయింది, విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు, పడమర తీరథ్‌గఢ్ జలపాతం దగ్గర మొదలై తూర్పున కొలాబ్ నది దాకా సన్నగా పొడుగ్గా సాగే లోయ. ఆ కొలాబ్ ఎవరో కాదు, కిందికొచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలిసే మన శబరి.

ముందే ఒక మాట చెప్పేస్తా. వైజాగ్ నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది చిత్రకోట్ జలపాతం కోసం వెళ్లి, మిగిలిన పూటలో కాంగేర్ కూడా "కవర్" చేసేద్దాం అనుకుంటారు. మధ్యాహ్నం రెండింటికి గేట్ దగ్గరికి చేరతారు, గుహ దగ్గర హడావిడిగా దిగి ఎక్కుతారు, తీరథ్‌గఢ్‌లో చీకటి పడేలోపు నాలుగు ఫొటోలు తీస్కుంటారు, అయిపోయింది. అలా వెళ్లకండి అనే నా పట్టు. కాంగేర్‌కే రెండు రాత్రులు, నిండుగా ఒక రోజున్నర ఇవ్వండి, చిత్రకోట్‌ని విడిగా ఇంకో పూట పెట్టుకోండి. అవి రెండూ జగదల్‌పూర్‌కి చెరోవైపు ఉంటాయి, ఒకదాని దారిలో ఇంకోటి రాదు, కాబట్టి కలిపి చూస్తే టైం కలిసొస్తుందనుకోవడమే తప్పు లెక్క.

ఎప్పుడు వెళ్లాలి అన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడ గుహలు ఏడాది పొడుగునా తెరిచి ఉండవు. వానలు మొదలయ్యేసరికి, అంటే జూన్ మధ్యలో కొటుంసర్ గుహ మూసేస్తారు, మళ్లీ తీసేది దాదాపు నవంబర్‌లోనే. గుహలోకి వాననీళ్లు ఏరులా వచ్చేస్తాయి, లోపల సగం దారి నీళ్లలో ఉంటుంది, అందుకని మూస్తారు. జలపాతం మాత్రం ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్లలోనే నిండుగా దూకుతుంది. సో, నీళ్లు కావాలా గుహ కావాలా అన్న ప్రశ్న ప్రతివాళ్లకీ వస్తుంది. రెండూ కావాలంటే నవంబర్ రెండో వారం నుంచి డిసెంబర్ చివరిదాకా. గుహలు తెరిచి ఉంటాయి, తీరథ్‌గఢ్‌లో ఇంకా చెప్పుకోదగ్గ నీళ్లుంటాయి, చలికి నడక హాయిగా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి కూడా మంచివే గానీ నీళ్లు తగ్గుతూ పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో అడవి ఎండిపోయి ఉంటుంది, జలపాతం సన్నని ధార అయిపోతుంది, పిల్లల్ని తీస్కెళ్లి ఎండలో తిప్పే పని పెట్టుకోవద్దు. ఇంకోటి, దసరాకి వెళ్దాం అనుకునేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. బస్తర్ దసరా 75 రోజుల పండగ, చివరి రోజుల్లో రథం లాగేటప్పుడు జగదల్‌పూర్‌లో కాలు పెట్టే చోటుండదు, రూములు దొరకవు, పైగా అప్పటికి గుహలు కూడా తెరవరు. పండగ కోసమే వెళ్తే అది వేరే ట్రిప్పు, అద్భుతమైన ట్రిప్పు, కానీ అడవి కోసం కాదు.

వెళ్లడానికి నా ఓటు పగటి రైలుకే. పొద్దున్నే వైజాగ్‌లో బయల్దేరే కిరండూల్ పాసింజర్, అందరూ అరకు రైలు అంటారే అదే. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న ఈ లైన్ 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజం మన పోర్టుకి దించడానికి వేసింది, అక్కడినుంచి ఓడల్లో జపాన్ వెళ్లేది. అందుకే దారి పొడుగునా ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సులు వస్తూనే ఉంటాయి, వాటికి దారిచ్చి మన బండి ఆగుతూ ఉంటుంది, లేటుకి సిద్ధపడే ఎక్కండి. జగదల్‌పూర్‌కి దాదాపు పది గంటలు పడుద్ది. అంతసేపా అని భయపడకండి. అరకు దాకా ఊపిరాడనంత జనం, సెల్ఫీలు, టన్నెల్ రాగానే పిల్లల కేకలు, ముఖ్యంగా శని ఆదివారాలు. అరకులో బోగీ ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది, ఆ తర్వాత కిటికీ పక్కన కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు, పాడువా, కోరాపుట్ మీదుగా వెళ్లి, కోరాపుట్ దాటాక జైపూర్ వైపు దిగే ఘాట్ ఉంటుంది చూడండి, అరకు ఘాట్‌కి ఏ మాత్రం తీసిపోదు, చూసేవాళ్లే ఉండరు. తినడానికి మాత్రం ఇంటి దగ్గర్నించే పట్టుకెళ్లండి, పులిహోర, పెరుగన్నం, అరటిపళ్లు, నీళ్లు, ఎందుకంటే అరకు తర్వాత అమ్మేవాళ్లు తక్కువ.

సెలవు లేనివాళ్లకి రాత్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, తెల్లారేసరికి జగదల్‌పూర్‌లో దింపుద్ది, ఒక రోజు మిగులుద్ది, కానీ దారి మొత్తం చీకట్లో పోతుంది. నేనైతే వెళ్లేటప్పుడు పగలు, వచ్చేటప్పుడు రాత్రి రైలు అనే చెప్తా. వానాకాలంలో ఈ లైన్ మీద కొండచరియలు విరిగిపడ్డం మామూలే, అప్పుడు రైళ్లు రద్దు చేస్తారు లేదా మధ్యలోనే ఆపేస్తారు, కాబట్టి బయల్దేరే ముందు రోజు రైలు నడుస్తుందో లేదో ఎంక్వైరీలో చూస్కోండి.

కార్లో వెళ్లేవాళ్లకి విజయనగరం, సాలూరు, అక్కడినుంచి ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి, కోరాపుట్, జైపూర్, బొరిగుమ్మ, కోట్‌పాడ్ మీదుగా జగదల్‌పూర్. సుమారు 300 కిలోమీటర్లు, టిఫిన్, టీ ఆపుకుంటూ వెళ్తే ఏడెనిమిది గంటలు. పొద్దున్నే అయిదింటికి బయల్దేరితే సాలూరు ఘాట్ వెలుతురులో ఎక్కొచ్చు, చలికాలంలో పైన మంచు దట్టంగా ఉంటుంది గనక మరీ బేగి వెళ్లినా లాభం లేదు. పొట్టంగి వైపు కనిపించే కొండల్లోనే దేవమాలి ఉంది, 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. భాషకి ఇబ్బంది లేదు, కోరాపుట్, జైపూర్‌లలో తెలుగు బాగానే నడుస్తుంది, జగదల్‌పూర్‌లో కూడా తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మిగతా చోట్ల హిందీ. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి సాలూరు, జైపూర్ వైపు బస్సులు కూడా దొరుకుతాయి గానీ, ఘాట్‌లో వాంతులయ్యే పిల్లలుంటే రైలే మేలు.

జగదల్‌పూర్‌లో ఉండడానికి లాడ్జిల నుంచి మంచి హోటళ్ల దాకా ఉన్నాయి, ముందే బుక్ చేస్కోండి, డిసెంబర్ చివరి వారం అయితే తప్పనిసరిగా. సాయంత్రం చేరాక వెంటనే చెయ్యాల్సిన పని ఒకటుంది, మర్నాటికి బండి మాట్లాడుకోవడం. హోటల్ వాళ్లకి చెప్తే వాళ్లే పిలుస్తారు. మాట్లాడేటప్పుడు "పొద్దున్న ఆరున్నరకి హోటల్ దగ్గర ఉండాలి, కొటుంసర్ గేట్, తర్వాత తీరథ్‌గఢ్, రాత్రికి ధుడ్‌మారస్‌లో దింపాలి" అని ముగ్గురు వినేలా స్పష్టంగా చెప్పండి (ధుడ్‌మారస్ అంటే పార్క్ అంచున ఉన్న ఊరు, రెండో రాత్రి అక్కడే ఉండమంటా), లేకపోతే డ్రైవర్ తన అలవాటు ప్రకారం చిత్రకోట్‌తో కలిపి ప్యాకేజీ లెక్క కట్టేస్తాడు. ఏటీఎంలో డబ్బులు ఇక్కడే తీస్కోండి, వందలు, యాభైలు చిల్లర ఎక్కువ ఉంచుకోండి. లోపలికెళ్లాక సిగ్నల్ వస్తుందో రాదో, ఫోన్‌పే అవుద్దో అవ్వదో నమ్మకం లేదు. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో సేవ్ చేస్కోండి, ఇంట్లోవాళ్లకి "పొద్దున్నించి సాయంత్రం దాకా ఫోన్ కలవకపోవచ్చు" అని ముందే చెప్పేయండి, లేదంటే అమ్మవాళ్లు అక్కడ కంగారు పడిపోతారు.

కంగారు అంటే గుర్తొచ్చింది, బస్తర్ అనగానే పెద్దవాళ్లు వద్దంటారు. వాళ్ల భయానికి కారణం ఉంది. ఈ పార్క్ ఆనుకుని వెళ్లే రోడ్డు మీదే దర్భా దగ్గర ఝీరమ్ ఘాటీలో 2013 మే 25న మావోయిస్టుల దాడి జరిగింది, ఆ పేరు ఇప్పటికీ అందరికీ గుర్తే. ఇప్పుడు పర్యాటకులు కుటుంబాలతో మామూలుగా తిరుగుతున్నారు, ఆ రోడ్డు మీద బస్సులు, లారీలు పగలూ రాత్రీ నడుస్తున్నాయి. అయినా మనం పాటించాల్సినవి పాటించాలి, ఆధార్ అందరిదీ దగ్గరుండాలి, చెక్‌పోస్టు దగ్గర అడిగితే నెమ్మదిగా చూపించండి, క్యాంపుల ఫొటోలు, జవాన్ల ఫొటోలు తీయొద్దు, చీకటి పడ్డాక తెలియని అడవి దారుల్లోకి బండి తిప్పొద్దు. సుక్మా వైపు ఇంకా లోపలికి వెళ్లాలనుకుంటే జగదల్‌పూర్‌లో స్థానికుల్ని అడిగే కదలండి.

ఇక గేట్. జగదల్‌పూర్ నుంచి సుక్మా, కోంటా వైపు వెళ్లే 30వ నంబర్ నేషనల్ హైవే మీద, సుమారు 27 కిలోమీటర్లు వెళ్లాక పార్క్ ప్రవేశద్వారం వస్తుంది. ఇదే హైవే ఇంకా కిందికి చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ దాకా వస్తుంది. ఈ గేట్ దగ్గర చేసే అరగంట పని మీదే మీ రోజంతా ఆధారపడి ఉంటుంది, అందుకని కాస్త వివరంగా చెప్తా. సొంత కారుని, అద్దె కారుని బయటే పార్క్ చేసి, అక్కడ తిరిగే జిప్సీ మాట్లాడుకోవాలి. కౌంటర్‌లో ప్రవేశ టికెట్, జిప్సీ, గైడ్, కెమెరా, ఇలా విడివిడిగా రుసుములుంటాయి, రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి, అవి చూసి కట్టండి, రసీదులన్నీ జేబులో ఉంచండి, ఎందుకంటే గుహ దగ్గర మళ్లీ చూస్తారు. జిప్సీలో ఆరుగురు దాకా పడతారు, మీరు ఇద్దరే అయితే పక్కన నిలబడ్డ ఇంకో జంటని అడిగి కలిసి తీస్కోండి, అందరూ అలాగే చేస్తారు, మొహమాటం అక్కర్లేదు.

గేట్ తెరిచే వేళకి అక్కడుండండి. లైన్ ఉండదు, గుహలో మీ గుంపే ఉంటుంది, గైడ్‌కి చెప్పే ఓపిక ఉంటుంది. పదకొండు దాటాక బస్సుల్లో వచ్చే గుంపులు మొదలవుతాయి, అప్పుడు లోపల ఒకళ్ల మీద ఒకళ్లు, కేకలు, ఊపిరాడని ఉక్క. టికెట్ తీసుకున్నాక వెంటనే జిప్సీ ఎక్కేయకుండా అక్కడ పెట్టిన మ్యాపు బోర్డు ముందు ఒక పది నిమిషాలు నిలబడండి, కాంగేర్ నది ఎటునుంచి ఎటు పోతుందో, గుహలు ఏ కొండలో ఉన్నాయో, గుగ్గిలం (సాల్ చెట్లు) అడవి ఎక్కడ, టేకు ఎక్కడ అని ఒకసారి మనసులో పెట్టుకుంటే లోపల చూసేది అర్థమవుద్ది. పిల్లల చేత చదివించండి, హిందీ రాకపోతే గైడ్‌నే అడగండి. కౌంటర్ దగ్గరే ఇంకో మూడు విషయాలు కనుక్కోండి, ఇవాళ ఏ గుహలు తెరిచారు, కాంగేర్ ధారకి (నది మీది చిన్న జలపాతం) దారి ఉందా, గైడ్ ఎవరు. కైలాశ్ గుహ, దండక్ గుహ కూడా ఈ పార్క్‌లోనివే, ఒకటి 1993లో, ఇంకోటి 1995లో బయటపడ్డాయి, కానీ అవి ఎప్పుడూ తెరిచే ఉంటాయనుకోవద్దు, ఆ రోజు ఏముందో ఆ రోజే తెలుస్తుంది. గైడ్లు, జిప్సీ నడిపేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే, ఎక్కువమంది ధుర్వా తెగవాళ్లు. బేరం ఆడే చోటు కాదిది. ఈ అడవి నిలబడాలంటే అక్కడివాళ్లకి అడవి మీద బతుకు దొరకాలి, మనం కట్టే ఆ కొన్ని వందలు అటే వెళ్తాయి.

జిప్సీ లోపలికి ఎర్రమట్టి దారిలో సుమారు పది కిలోమీటర్లు వెళ్తుంది, పులి కనిపిస్తుందేమో అని ఎదురుచూడకండి, ఈ పార్క్ దానికి కాదు. కొండముచ్చులు, చుక్కల దుప్పులు, అడవి పందులు కనిపిస్తే అదృష్టం, చిరుతలూ ఎలుగులూ ఉన్నాయి గానీ మనకి ఎదురుపడవు. చెట్లు చూడండి. దక్షిణం వైపు వచ్చే గుగ్గిలం అడవి, టేకు అడవి కలుసుకునే చోటు ఇది, ఒక పక్క పొడుగాటి గుగ్గిలాలు, ఇంకో పక్క పెద్దాకుల టేకు, వాటి కింద వెదురు.

కొటుంసర్ గుహ గురించి. మనకి బొర్రా గుహలు అలవాటు, పెద్ద నోరు, వెడల్పాటి మెట్లు, రంగు లైట్లు. కొటుంసర్ అస్సలు అలా ఉండదు. కొండ పక్కన రాతిలో ఒక చీలిక ఉంటుంది, ఇదేనా అనిపించేంత చిన్నది, అందులోంచి మెలికలు తిరిగే ఇరుకు మెట్లు కిందికి దిగుతాయి, లావుగా ఉన్నవాళ్లు పక్కకి తిరిగి దిగాల్సిన చోట్లు ఉన్నాయి, వీపున బ్యాగ్ ఉంటే రాతికి తగుల్తుంది. కాబట్టి బ్యాగులు జిప్సీలోనే వదిలేసి టార్చ్, నీళ్ల సీసా మాత్రం పట్టుకోండి. లోపల కరెంటు లైట్లు లేవు, గైడ్ చేతిలో దీపమే దిక్కు. దిగాక నేల మళ్లీ వెడల్పవుతుంది, పైకప్పు ఎక్కడుందో లైటు పైకెత్తితే గానీ తెలీదు. డిసెంబర్‌లో బయట స్వెటర్ వేసుకుని వస్తారు, లోపల అయిదు నిమిషాలకే చొక్కా తడిసిపోద్ది, లోపలి వేడి ఏడాదంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, గాలిలో తేమ ఎక్కువ. స్వెటర్ కూడా పైనే వదిలేయండి.

రాళ్ల సంగతి పిల్లలకి చెప్పాలంటే ఇలా చెప్పండి. వాననీరు ఆకులు కుళ్లిన మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొంచెం పుల్లగా మారుతుంది, ఆ నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ గుహ పైకప్పు నుంచి చుక్కలుగా రాలుతుంది, రాలే ముందు ఆ వాయువు గాల్లోకి పోయి కరిగిన సున్నం పొరలా అంటుకుపోతుంది. అలా పైనుంచి మర్రి ఊడల్లా రాళ్లు దిగుతాయి, కింద పడ్డ చుక్క నుంచి ఇంకో రాయి పైకి లేస్తుంది, రెండూ కలిస్తే స్తంభం. వేల ఏళ్ల పని అది. మన చేతికున్న చమట, నూనె అంటుకుంటే ఆ చోట నీరు సరిగా పారక రాయి పెరగడం ఆగిపోవచ్చు, నల్లగా మరకలు పడతాయి. అందుకే ఎంత మెరుస్తున్నా ముట్టుకోవద్దు, పిల్లల చేతులు పట్టుకునే నడిపించండి. కైలాశ్ గుహలో రాళ్లు తడితే మోగుతాయని చెప్తారు, అక్కడికెళ్లినా కొట్టి చూడకండి.

నీళ్లు నిలిచిన చిన్న గుంట దగ్గర గైడ్ ఆగి, లైటు పక్కకి తిప్పి, మాట్లాడొద్దని సైగ చేస్తాడు. అక్కడ వంగి ఓపిగ్గా చూస్తే చిటికెన వేలంత చేప, పాలిపోయిన రంగులో, అడుగున రాయి పక్కన కదలకుండా ఉంటుంది. ఇదే అందరూ చెప్పుకునే గుడ్డి చేప. బయట ఏరుల్లో ఉండే చిన్న చేప జాతిదే, తరతరాలుగా చీకట్లో బతికి కళ్లు కుంచించుకుపోయాయి, ఒంటి మీది రంగు పోయింది. నీటిలో కదలిక తగిలితే చటుక్కున పక్కకి పోతుంది. దాని మీద ఫోన్ ఫ్లాష్ కొట్టకండి, నీళ్లలో చెయ్యి పెట్టకండి. ఈ గుహని 1950ల్లో శంకర్ తివారీ అనే భూగోళ ఆచార్యుడు లోపలిదాకా వెళ్లి పరిశీలించారు, ఇక్కడ దొరికే ఒక గుహ కీచురాయికి శాస్త్రీయ నామంలో ఆయన పేరే పెట్టారు. చివర్లో శివలింగంలా లేచిన రాయి ఉంటుంది, స్థానికులు దణ్ణం పెట్టుకుంటారు, అక్కడ అగరొత్తులు, కర్పూరం వెలిగించొద్దు, పొగకి పోవడానికి దారి లేదు.

గైడ్‌ని ఒక్కటి అడగండి, గుంపు చిన్నదైతే ఒప్పుకుంటాడు, ఒక నిమిషం లైట్లన్నీ ఆర్పమనండి. ఇంట్లో కరెంటు పోతే ఉండే చీకటి కాదది, కళ్లు తెరిచినా మూసినా తేడా ఉండదు, చుక్కలు రాలే చప్పుడు ఎక్కడెక్కడి నుంచో వినిపిస్తుంది. చిన్నపిల్లలుంటే ముందే చెప్పి చెయ్యి పట్టుకోండి.

ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లు లోపలికి దిగొద్దు. మొహమాటానికి దిగి మధ్యలో ఆగిపోతే వెనకున్నవాళ్లందరూ ఆ ఇరుకులో ఇరుక్కుంటారు. వాళ్లని పైన చెట్టు కింద కూర్చోబెట్టి, ఒకరు తోడుండి, మిగతావాళ్లు రెండు విడతలుగా వెళ్లి రండి. చెప్పులు అసలు పనికిరావు, అడుగున పట్టున్న బూట్లు కావాలి, చీర కంటే డ్రెస్ మేలు.

గుహ నుంచి తిరిగొచ్చే దారిలో కాంగేర్ ధార దగ్గర జిప్సీ ఆపించండి. నది రాతి పలకల మీద చిన్న చిన్న మెట్లుగా జారుతుంది, పెద్ద జలపాతం కాదు, ఎవరూ ఎక్కువసేపు ఉండరు, నాకైతే పార్క్ మొత్తంలో కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. నాచు పట్టిన రాళ్ల మీదికి మాత్రం వెళ్లొద్దు.

తీరథ్‌గఢ్‌కి హైవే మీదికి వచ్చి వేరే దారిలో వెళ్లాలి, అక్కడి పార్కింగ్, టికెట్ వేరే. సుమారు 300 అడుగుల ఎత్తు నుంచి ఒక్కసారిగా కాకుండా మెట్లు మెట్లుగా, తెల్లగా విడిపోయి దూకుతుంది. కిందికి చాలా మెట్లు దిగాలి, దిగేటప్పుడు సరదాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు తెలుస్తుంది, అందుకే పొద్దున గుహ, మధ్యాహ్నం కాస్త తిని విశ్రాంతి, మూడున్నర ప్రాంతంలో ఇక్కడికి అని పెట్టుకోమంటున్నా. కోతుల బెడద ఉంది, చేతిలో తినుబండారాలు కనిపించనివ్వొద్దు. సగం మంది పై వ్యూపాయింట్ నుంచే వెనక్కి పోతారు, దిగగలిగితే దిగండి, కింది మెట్టు దగ్గర గుడి పక్క నుంచి చూస్తేనే దాని ఎత్తు తెలుస్తుంది.

రాత్రికి జగదల్‌పూర్‌కి వెనక్కి వెళ్లకుండా ధుడ్‌మారస్‌లో ఉండమని చెప్పాను కదా. పార్క్ అంచున కాంగేర్ నది ఒడ్డున ఉన్న ధుర్వాల ఊరు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాల కార్యక్రమంలో అప్‌గ్రేడ్ విభాగానికి ఎంపిక చేసింది ఈ ఊరిని. ఊరివాళ్లే హోమ్‌స్టేలు నడుపుతారు, నదిలో వెదురు తెప్పల మీద తిప్పుతారు. ఫోన్ చేసి ముందే చెప్పి వెళ్లాలి, మనం వచ్చేది తెలిస్తేనే బియ్యం, కూరలు తెచ్చి పెట్టుకుంటారు. అన్నం, పప్పు, ఆకుకూర, నాటుకోడి దొరుకుతాయి. ఎర్రచీమల పచ్చడి, చాప్‌డా అంటారు, పెడితే ఒక వేలితో నాకి చూడండి, పుల్లగా ఘాటుగా ఉంటుంది, నచ్చకపోయినా మొహం చిట్లించకండి, వాళ్లింటి వంట అది. స్నానానికి బకెట్ వేడినీళ్లు, పక్క మీద దుప్పట్లు ఇస్తారు, డిసెంబర్ చలికి ఇంకో శాలువా మీ వెంట ఉండాలి. ధుర్వాల భాష ద్రావిడ భాషే, శ్రద్ధగా వింటే అక్కడక్కడా మన మాట లాంటిది చెవిన పడుద్ది, పిల్లలకి భలే ఆట అవుద్ది, లెక్కలు, చెట్ల పేర్లు అడుగుతూ కూర్చుంటారు. ఫొటో తీసేముందు అడగండి, ముసలమ్మ ఒంటి మీది పచ్చబొట్లు బావున్నాయని మొహం ముందు ఫోన్ పెట్టేయడం మర్యాద కాదు. "డాన్స్ చేసి చూపించండి" అని అడగొద్దు. ప్లాస్టిక్ మీరు తెచ్చింది మీరే వెనక్కి పట్టుకెళ్లండి, ఆ ఊరికి చెత్తబండి రాదు.

మర్నాడు పొద్దున సూర్యుడు రాకముందే లేవగలిగితే కొండ గోరింక కోసం నడవండి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అది. మన ఇళ్ల దగ్గర తిరిగే గోరింక కాదు, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, నారింజ ముక్కు, తల పక్కన పసుపు తోలు వేలాడుతూ ఉంటుంది, ఎగిరితే రెక్కలో తెల్ల మచ్చ కనిపిస్తుంది. మనిషి మాట అనుకరిస్తుందనే దీన్ని పంజరాల కోసం పట్టేసేవాళ్లు, అందుకే తగ్గిపోయాయి. ఎండిపోయిన పెద్ద చెట్ల తొర్రల్లో గూడు పెడుతుంది, కాబట్టి ఎండు చెట్టు కొడితే దానికి ఇల్లు పోయినట్టే. ఇప్పుడు పార్క్ వాళ్లు ఊళ్ల కుర్రాళ్లనే మైనా మిత్రలుగా పెట్టి గూళ్లకి కాపలా కాయిస్తున్నారు. హోమ్‌స్టే వాళ్లని రాత్రే అడిగితే అలాంటి కుర్రాడిని పిలుస్తారు, వాడితో వెళ్తే ముందు ఈల లాంటి కూత వినిపిస్తుంది, తర్వాత జంటగా ఎగురుతూ కనిపిస్తాయి. ఫోన్‌లో రికార్డు చేసిన కూత వినిపించి పిలవొద్దు, గూడు పెట్టే కాలంలో అది వాటికి చేటు.

జగదల్‌పూర్‌కి తిరిగొచ్చాక రాత్రి రైలు దాకా టైం ఉంటుంది. అందరూ బజారుకి వెళ్తారు, ఢోక్రా అనే ఇత్తడి బొమ్మలు కొంటారు, మంచిదే. దాంతోపాటు ఊళ్లో మానవశాస్త్ర మ్యూజియం ఉంది, ఆంత్రోపాలజికల్ సర్వే వాళ్లది, మీరు రెండు రోజులుగా చూసిన బుట్టలు, వలలు, బాణాలు, కొమ్ములు ఏ తెగవాళ్లవో అక్కడ అర్థమవుద్ది. దంతేశ్వరి గుడికి కూడా వెళ్లండి. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు పడిపోయాక ఇటొచ్చి బస్తర్ రాజ్యం నిలబెట్టాడని ఇక్కడివాళ్లు చెప్తారు, ఆ వంశం వాళ్ల ఇలవేల్పే దంతేశ్వరి. ఇంకో సంగతి, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి మన దేశం నుంచి కొత్తగా వెళ్లినవాటిలో తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్లతో పాటు కాంగేర్ వ్యాలీ కూడా ఉంది. పేరు పెరిగేకొద్దీ గుంపులు పెరుగుతాయి, నిమ్మళంగా చూడాలంటే ఒకట్రెండు సీజన్ల లోపు వెళ్లిరావడం మంచిది.

చివరిగా దోమల సంగతి. బస్తర్‌లో మలేరియా ఉంది, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. సాయంత్రం అయిదు దాటితే నిండు చేతుల చొక్కా, ప్యాంటు, సాక్సు, ఓడోమాస్, హోమ్‌స్టేలో దోమతెర అడిగి కట్టించుకోండి. గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి. తిరిగి వైజాగ్ వచ్చాక కొన్ని నెలల దాకా ఎప్పుడు చలి జ్వరం వచ్చినా పారాసెటమాల్ వేసేసి ఊరుకోకుండా వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి, డాక్టర్‌కి "బస్తర్ వెళ్లొచ్చాం" అన్న ముక్క మీరే ముందు చెప్పండి.